వేపకఱ్ఱ నార బేరము

గడచిన రెండు మూడు నెలలుగా మన సంఘ సభ్యులు పలువురు కార్యాలయమునకు వచ్చి ఒకే సంగతి నడుగుచున్నారు. వేపమ్రాను నుండి నానోసెల్యులోజు అను మిక్కిలి సన్నని నారను తీయవచ్చునని, అది కిలోల లెక్కను గాక తులముల లెక్కను అమ్ముడుపోవునని, అందువలన గట్లమీదను దొడ్లలోను ఉన్న వేపచెట్లను చెట్టున కింత యని గుత్తగా కొనుటకు మనుష్యులు ఊళ్లవెంట తిరుగుచున్నారని వారు చెప్పుచున్నారు. అమ్మవచ్చునా యని కొందఱి ప్రశ్న. మెట్టలో కందియు ఆముదమును మాని వేపతోటయే వేసిన నెట్లుండునని మఱికొందఱి యాలోచన.

చెట్టు అమ్మవలదు, తోట వేయవలదు అని మా యభిప్రాయము. కారణములు కొంచెము విస్తరించి చెప్పవలసియున్నవి. సభ్యులు ఓపికతో చదువుదురు గాక, చదువురాని పొరుగువారికి వినిపింతురు గాక.

ఆ శాస్త్రము బూటకమని మే మనుట లేదు. కఱ్ఱనుండి సన్ననార తీయుట ముమ్మాటికిని నిజము. మన పాత యిండ్ల తడిక గోడను తలచుకొనుడు. వెదురుబద్దలు నిలువున నుండును. వానిని పట్టియుంచుటకు అడ్డకట్లుండును. సందులన్నియు కప్పుచు మట్టిపూత యుండును. కఱ్ఱయు అట్టిదే. వెదురుబద్దల స్థానమున సెల్యులోజు, కట్ల స్థానమున హెమీసెల్యులోజు, మట్టిపూత స్థానమున లిగ్నిను అను గట్టి జిగురు కలవు. వేపవంటి ఆకురాల్చు జాతి కఱ్ఱలలో ఎండు బరువున నూటికి 40 మొదలు 50 పాళ్లవఱకు సెల్యులోజు. ఆ పేరు పెట్టినవాడు ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు ఆన్సెల్మ్ పాయెన్; 1838వ సంవత్సరమున అతడు పలు చెట్ల కఱ్ఱలను శుద్ధిచేసి చూచి, అన్నిటిలోను ఒకే పదార్థము మిగులుచున్నదని కనుగొనెను. ఈ 'ఒకే పదార్థము' అను మాటను సభ్యులు గుర్తుంచుకొనవలెను. మా వాదమంతయు దానిమీదనే నిలిచియున్నది.

గోగుకట్టలను చెఱువులో నానవేసి నార తీయుట మనకు తెలిసిన పని. అక్కడ నీటిలోని సూక్ష్మజీవులు జిగురును తినివేయగా నార వదులును. కఱ్ఱలోని లిగ్నిను అట్లు నీటికి లొంగునది కాదు. ముందుగా బెరడు ఒలిచి, కఱ్ఱను చిన్న చెక్కలుగా కొట్టవలెను. వేపకఱ్ఱయైనచో, వేడినీటితోను సారాయి జాతి ద్రావకములతోను కడిగి దానిలోని చేదును, జిడ్డును, రంగును లాగివేయవలెను. పిమ్మట ఆవిరి బయటికి పోకుండ మూతబిగించిన పెద్ద బాయిలరులో కాస్టిక్ సోడా వేసి, 160 నుండి 170 డిగ్రీల వేడిమిలో గంటలకొలది ఉడికింపవలెను. సోడా కఱ్ఱ బరువులో నూటికి 15 నుండి 20 వంతులు పట్టును. అంతట లిగ్నిను నల్లని కషాయముగా కఱగి దిగును, పీచు వేరుపడును. మిగిలిన గోధుమరంగును తెలుపుచేయు మందులతో పోగొట్టి, మరల పలుచని క్షారములో ఉంచినచో తెల్లని గుజ్జు దొరకును. ఇంతవఱకు జరిగినది కాగితపు మిల్లు పనియే. ఇందు క్రొత్త యేమియు లేదు.

ఆ గుజ్జులోని ఒక్కొక్క పీచు సుమారు ఒక మిల్లీమీటరు పొడవు, అందులో ఏబదవ వంతు వెడల్పు ఉండును. కంటికి సన్నముగానే తోచును. కాని ఆ పీచు కూడ ఒక మోకువంటిది. దానిలో వేలకొలది పోగు లున్నవి. మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసిన ఒక్క భాగమును నానోమీటరందురు. మన తలవెండ్రుక సుమారు 80,000 నానోమీటర్ల లావుండగా, ఈ పోగుల లావు 3 మొదలు 20 నానోమీటర్లు మాత్రమే. వీనినే నానోసెల్యులోజు అందురు. బరువునకు బరువు చూచినచో ఉక్కుతో సాటిరాగల బలము గలవి. కాగితమునకు గట్టిదనము నిచ్చుటకును, తినుబండారముల పొట్లములలోనికి గాలి చొరకుండ పూతపూయుటకును, రంగులను సిరాలను చిక్కబఱచుటకును, గాయముల కట్లకును వీనిని వాడుచున్నారు.

మోకును విప్పి పోగులుగా చేయుట రెండు మూడు విధముల జరుగును. స్వీడను దేశమున రాన్బీ యను శాస్త్రజ్ఞుడు 1949 ప్రాంతమున గంధకామ్లముతో సెల్యులోజును కరగించి చూపెను. మెత్తని భాగము ఆమ్లమునకు లొంగి, గట్టిభాగము సూదిమొనలవంటి చిన్న స్ఫటికములుగా మిగులును. అమెరికాలో టర్బక్ మొదలగువారు 1983లో ప్రకటించిన పద్ధతి వేఱు; గుజ్జును నీటిలో కలిపి, గొప్ప ఒత్తిడితో సన్నని రంధ్రముగుండ మరల మరల దూర్చుట. జపానులో టోక్యో విశ్వవిద్యాలయపు ఇసోగై, సైతో అనువారు 2006లో టెంపో అను రసాయనపు సాయమున పోగులను సులువుగా విడదీసి చూపిరి; ఆ కృషికి 2015లో వారికిని వారి సహచరుడు నిషియామాకును స్వీడను వారి వాలెన్‌బర్గ్ బహుమానము లభించెను. ఇంత మాత్రము చెప్పుట యెందుకనగా, ఊళ్లలో తిరుగువారు ఇది తమ యొక్కరికే తెలిసిన రహస్యమైనట్లు మాటాడుచున్నారట. 1983 నాటి పద్ధతికి తీసికొన్న పేటెంట్ల కాలము ఎన్నడో తీఱిపోయినది. అసలు విద్య నేడు ఎల్లరకును తెఱిచియున్నది.

ఇక వేపకే ఇంత గిరాకి యెందుకు? "మందుచెట్టు గనుక దాని నారలో మందు గుణ ముండును, ఆస్పత్రి కట్లకు అదే కావలెను" అని చెప్పుచున్నారట. ఈ మాటయే మాకు మిక్కిలి అభ్యంతరకరముగా నున్నది. వేపలోని ఔషధగుణము సెల్యులోజులో లేదు. 1942లో సలీముజ్జమా సిద్దిఖీ అను మన దేశపు శాస్త్రజ్ఞుడు నింబినును, దాని తోడి పదార్థములను వేరుచేసినది వేపనూనె నుండి. పురుగుల పాలిటి శత్రువగు అజాడిరక్టిను 1968లో వేరుచేయబడినది. అదియు ముఖ్యముగా గింజపప్పులో ఉండునది, ఎండ తగిలిననే చెడిపోవునది. అట్టి సున్నితమైన పదార్థము సోడాలో ఉడికి, తెలుపు మందులలో మునిగి, గాఢామ్లమున నానినతరువాత నిలుచునా? వైద్యునకు మందైనది నార తీయువానికి మడ్డి; వాని మొదటిపని దానిని కడిగివేయుటయే. అంతయు కడిగినపిమ్మట మిగులునది పాయెన్ చెప్పిన ఆ ఒకే పదార్థము. వేపనుండి తీసినను, పత్తికట్టెనుండి తీసినను, వరిగడ్డినుండి తీసినను సెల్యులోజు సెల్యులోజే. పోగుల పొడవులోను, తీయుటకగు శ్రమలోను కొంత భేదముండవచ్చును గాని, చెట్టుపేరు పోగునకు అంటదు. పరిశోధనశాలలలో వేపవంటి చెట్లమీద పనిచేయుట తప్పని మే మనము. విద్యార్థులు ప్రతి చెట్టును పరీక్షింపవలసినదే. పరీక్షకు ఒక కొమ్మ చాలును.

ఇప్పుడు లెక్క చూతము. గట్టుమీది వేపను కొట్టి 100 కిలోల పచ్చికఱ్ఱ తూచినామనుకొందము. తడియు బెరడును పోగా సుమారు సగము, 50 కిలోలు, ఎండుకఱ్ఱ. ఉడికించి తెలుపుచేయగా 20 కిలోల గుజ్జు. ఆమ్లపద్ధతిలో 64 శాతపు గంధకామ్లము గుజ్జు కిలో ఒక్కింటికి 8, 9 లీటర్లు పట్టును; 20 కిలోలకు 170 లీటర్లకు తక్కువ కాదు. 45 డిగ్రీల వేడిమిలో ముప్పాతిక గంటసేపు కలిపి, వెంటనే పదిరెట్లు నీరు పోసి ఆపవలెను. ఆపైన ఆమ్లము పోవువఱకు కడుగుచునే యుండవలెను. తుదకు చేతికి వచ్చునది గుజ్జులో మూడవవంతు, ఆరేడు కిలోలు. వందకిలోల కఱ్ఱకు దాదాపు రెండువేల లీటర్ల పుల్లనినీరు మొదటి విడతలోనే మిగులును. ఈ నీరెచ్చటికి పోవును? ఏ ఊరి వాగులోనికి వదలుదురు? బేరమాడవచ్చినవారిని ఈ ప్రశ్న యడిగిన సభ్యుడొక్కడును మాకింతవఱకు కనబడలేదు. గట్టుమీది చెట్టు పోయినను మరల నాటవచ్చును. బావినీరు పుల్లబడినచో ఏమి నాటుదుము?

యంత్రముతో చేసినచో ఆమ్లము అక్కఱలేదు; కాని కరెంటు కావలెను. తొలినాళ్ల పద్ధతిలో టన్ను నారకు 25,000 యూనిట్లకు పైగా ఖర్చయ్యెడిది. మన 5 హార్సుపవర్ మోటారు దినమునకు 9 గంటలవంతున నడిచినచో అంత కరెంటు కాల్చుటకు రెండేండ్లు దాటును. తరువాత ఎంజైములతోను, టెంపోవంటి రసాయనములతోను ముందుగా మెత్తబఱచుట నేర్చి ఆ ఖర్చును పదవవంతునకు లోపుగా తగ్గించిరి. తగ్గినమాట నిజమే. అయినను ఆ యంత్రము, ఆ ఎంజైము, ఆ రసాయనము రైతు దొడ్డిలో దొరకునవి కావు.

ఇంకొక చిక్కు కలదు. దీనిని కాగితముమీద చదివి తెలిసికొనుట కష్టము, గంజి కాచినవారికి సులువుగా తెలియును. ఈ పోగులు తయారగునది పొడిగా కాదు, గంజివలె. నూటికి ఒకటి రెండు పాళ్లు నార, మిగిలినదంతయు నీరు. అయినను పాత్ర వంచిన జారిపోనంత చిక్కగా నుండును. దీనిని ఎండబెట్టితిమా, పోగులొకదానినొకటి కఱచుకొని అట్టకట్టును. చీరకు పెట్టిన గంజి ఆరినపిదప తడిపిన వదలును గాని, ఇది నీటిలో వేసినను మునుపటివలె విడదు. అందుచేత బండిమీద నూఱుకిలోలు తోలినచో అందు 98 కిలోలు నీరే తోలుచున్నట్లు. కనుక ఈ పని వాడుక స్థలమునకు, అనగా పెద్ద కాగితపు మిల్లులకును రంగుల ఫ్యాక్టరీలకును దగ్గఱగా జరుగవలసినది. పల్లెలో కుటీర పరిశ్రమగా సాగునని చెప్పువారు గంజి కాచి యెఱుగరు.

ప్రపంచమున ఈ పరిశ్రమ నడచినచోట్ల చూచినను ఇదియే కనబడును. కెనడాలో క్యుబెక్ రాష్ట్రమున 2012లో దినమునకు ఒక టన్ను తీయుశక్తిగల కర్మాగారము తెఱచిరి. అది అప్పటికే ఉన్న కాగితపు మిల్లు ఆవరణలోనే. మన దేశమున ముంబాయిలో 1924లో స్థాపింపబడిన పత్తి పరిశోధన సంస్థ, నేటి కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ, ప్రయోగార్థమైన నానోసెల్యులోజు కర్మాగారము నొకటి నెలకొల్పినది. వారు ఎన్నుకొన్న ముడిసరుకు పత్తిగింజను అంటియుండు పొట్టిదూది. ఎందుకనగా దూది స్వభావముచేతనే దాదాపు శుద్ధ సెల్యులోజు. ఉడికించుపని తక్కువ, లిగ్నిను బెడద లేదు. మందుచెట్ల వెంట వారు పోలేదు.

దీనినిబట్టి తేలునదేమనగా, ధర అంతయు కఱ్ఱలో లేదు, కఱ్ఱకు జరుగు పనిలో ఉన్నది. తులముల లెక్కను అమ్ముడుపోవునది తుది సరుకు. రైతునకు ముట్టునది వంటచెఱకు ధరకన్న నాలుగురాళ్లు ఎక్కువ. ఈ ముక్క మనకు క్రొత్త కాదు. ప్రకాశము జిల్లా మెట్టలలో సుబాబుల్ వేసిన రైతులు ఇది అనుభవించిరి. మిల్లునకు కఱ్ఱ కావలెనన్నారు, వేసినారు; పంట చేతికి వచ్చునప్పటికి ధర పడిపోయినది, కొన్నవారినుండి డబ్బు రాబట్టుటకు ఏండ్లు పట్టినది. సుబాబుల్ మూడునాలుగేండ్లకు కోతకు వచ్చునదే. వేప అట్టిది కాదు. మ్రాను కట్టుటకు పదిపదునైదేండ్లు చూడవలెను. అంతకాలము ఈ నార గిరాకి వేపకే ఉండునని జామీను ఉండువా రెవ్వరు?

నిలిచియున్న వేప ఏమి యిచ్చునో కూడ లెక్కలో వేయవలెను గదా. ఎదిగిన చెట్టు ఏటేట 30 నుండి 50 కిలోల పండ్లు రాల్చును. గింజపప్పు 5 కిలోలు దంచి నూఱు లీటర్ల నీటికి కషాయము చేసినచో ఎకరములోని పచ్చపురుగునకును రసము పీల్చు పురుగులకును పనికివచ్చును. నూనె తీసిన చెక్క ఎరువు. 2015లో కేంద్ర ప్రభుత్వము దేశమున తయారగు యూరియాకంతకును వేపనూనె పూత పూయవలెనని ఉత్తరువు చేసినప్పటినుండి గింజకు తప్పని గిరాకి యున్నది. మన మహిళా సభ్యులు వేసవి చివర ఏరి ఎండబెట్టి అమ్ముచున్న గింజలమాట మగవారు బేరములో చేర్చుట మఱచిరని మా యనుమానము. చెట్టు అమ్మెదనను యజమానులు ముందుగా ఇంటిలో అడిగి వచ్చిన బాగుండును. వేపగుణము ఎంత విలువగలదో పరదేశీయులకును తెలియును: వేపనూనెతో బూజుతెగుళ్లను అణచు విధానమునకు ఐరోపా పేటెంటు కార్యాలయము 1994లో ఒక అమెరికా కంపెనీకిని ఆ దేశపు వ్యవసాయ శాఖకును హక్కు నీయగా, మనవారు పోరాడి 2000లో దానిని రద్దు చేయించిరి; అప్పీలు కూడ 2005లో కొట్టివేయబడినది. అంత దూరము పోయి నిలుపుకొన్నది గింజలోని గుణమును. దానిని కడిగి పాఱబోసి కట్టెను అమ్ముకొనుట ఏపాటి వివేకము?

ఒక యాక్షేపణ న్యాయమైనది, దానికి బదులు చెప్పవలెను. "2020, 2021 సంవత్సరములలో తెలంగాణములోను మన ప్రాంతములలోను వేపలు కొమ్మకొనలనుండి ఎండుచు వచ్చినవి గదా; ఎండిన చెట్టును నిలిపి ప్రయోజనమేమి?" అని. ఆ తెగులు ఫోమోప్సిస్ అను బూజువలన కలుగునది. తేయాకు దోమ యను పురుగు దానికి తోడగును. అప్పుడు ఎండినట్లు కనబడిన చెట్లలో పెక్కులు తరువాత చిగిర్చినవి. కాబట్టి కొమ్మలెండినంతమాత్రమున చెట్టు చచ్చినదని మొదలంట కొట్టరాదు. గోటితో బెరడు గీరి, పచ్చదనమున్నదేమో చూచుకొనవలెను. నిజముగా చచ్చినదైనచో అమ్ముడు, మా కభ్యంతరము లేదు. కాని తెగులుకొమ్మలను పచ్చిగా బండ్లకెత్తి ఊళ్లకు ఊళ్లు త్రిప్పుట తెగులును పంచిపెట్టుటయే. వానిని అక్కడికక్కడ కత్తిరించి కాల్చుట మేలు. చెట్టు కొట్టుటకు 2002వ సంవత్సరపు నీరు, భూమి, చెట్ల చట్టము క్రింద అనుమతి విషయమును కూడ ముందుగా విచారించుకొనవలెను. గుత్తదారు కొట్టుకొని పోవును, నోటీసు వచ్చునది పట్టాదారు పేరనే.

అట్లని ఈ క్రొత్త నారకు మన సంఘము తలుపు మూయవలెనని మా యుద్దేశ్యము కాదు. పత్తి ఏరిన తరువాత చేలలో తగులబెట్టుచున్న కట్టె ఎంత? అందులోను అదే సెల్యులోజు కలదు. ఏటేట చేతికి వచ్చునది, నాటనక్కఱలేనిది, పోయినను విచారింపనక్కఱలేనిది. కాగితపు మిల్లుగాని, నార తీయు కంపెనీగాని నిజముగా కఱ్ఱపీచు కోరి వచ్చినచో మనము చూపవలసినది మొదట పత్తికట్టె. తరువాత రోడ్లవెంటను గట్లమీదను ఏటేట నఱకు వేప, తుమ్మ, కానుగ కొమ్మల కత్తిరింపులు. మన పని చెక్కకొట్టి ఎండబెట్టి తూకమువేయుటవఱకే. సోడా ఉడుకును, ఆమ్లమును ఊరిలోనికి రానీయరాదు. అవి వ్యర్థజలమును శుద్ధిచేయు ఏర్పాటులున్న చోటనే జరుగవలెను.

తూకము సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. కొనువాడు పచ్చికఱ్ఱ ధర చెప్పి ఎండినపిదప తూచును. లేదా ఎండుకఱ్ఱ ధరనుండి 'తేమ తరుగు' అని తనకు తోచినంత కోయును. కనుక తేమను ఇరుపక్షముల యెదుట కొలిచి, ఎండు బరువుమీదనే ధర కట్టవలెను. నమూనాకు తీసికొన్న చెక్కలో సగము సంఘమువద్ద ముద్రవేసి ఉంచవలెను. డబ్బు సరుకు కదలకముందే సంఘపు ఖాతాలో పడవలెను. ఏ సభ్యుడును విడిగా సంతకము చేయరాదు.

ఈ విషయములను రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చకు పెట్టుచున్నాము. పత్తికట్టె ఎవరెవరివద్ద ఎన్ని ఎకరములది దొరకునో ఆలోగా గ్రామములవారీగా వ్రాయించి పంపవలెనని సంచాలకులను కోరుచున్నాము. ఇప్పటికే చెట్లమీద బయానా పుచ్చుకొన్నవారు సిగ్గుపడి దాచక, ఆ కాగితమును వెంటబెట్టుకొని కార్యాలయమునకు రావలెను. చెట్టు గొడ్డలిపాలు కాకముందే వచ్చినచో బయానా తిరిగి యిచ్చివేయు ఏర్పాటును గూర్చి సంఘము తోడ్పడగలదు.